అక్క అడిగిన ఆదివారం

నర్సీపట్నం చూసి రండని మీకెవరూ చెప్పి ఉండరు. పేరున్న గుడి కోసమో సముద్రం కోసమో వెళ్ళే ఊరు కాదది. కొండెక్కేవాళ్ళు బస్సు మారడానికి, కొండ దిగినవాళ్ళు ఉప్పూ బట్టలూ కొనుక్కోడానికి ఆగే ఊరు. నేను మాత్రం పనిగట్టుకుని వెళ్ళాను, మా పిన్ని కూతురు సువార్తక్క కోసం. జాలిపడదామని బయల్దేరి కుళ్ళుకుంటూ తిరిగొచ్చాను.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. పందొమ్మిదివందల ఎనభై దాటిన కొత్తల్లో సంగతి ఇది. మా పేటలో ఆడపిల్లకి పలకతో పాటే లేసు సూది చేతికొస్తుంది. మిషను దొరసానులు మా అమ్మమ్మల కాలంలో నేర్పిపోయిన పని. ఏజెంటు దారం తెచ్చిస్తాడు, అల్లినది పట్టుకుపోతాడు. ఆ తరవాత అది ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుచుకుంటుందో మాకు తెలీదు. అక్కా నేనూ ఒక్క గుమ్మంలోనే కూర్చుని నేర్చుకున్నాం. నాది మంచి చెయ్యని అందరూ అనేవారు. అక్కది మొరటు చెయ్యి. ఆమె గులాబీ అల్లితే క్యాబేజీలా వచ్చేది. పెళ్ళయి నర్సీపట్నం వెళ్ళాక ఆ సూది కూడా వదిలేసి అడ్డాకులతో విస్తళ్ళు కుట్టుకుంటోందని విని, పాపం అనుకున్నాను. ఆ పాపంలో కొంచెం తీపి కూడా ఉండేది.

ఈమధ్య ఇంకో కబురొచ్చింది. విస్తళ్ళు కుట్టించే షావుకారు అక్కకి ఆకివ్వడం మానేశాడట. అక్క ఊరుకోక లేబరాఫీసులో ఫిర్యాదు పెట్టిందట. రేపో మాపో విచారణట. విస్తళ్ళు కుట్టుకునే మనిషికి ఆఫీసేమిటి, విచారణేమిటి? ఇంత సన్నపని చేసే నా పేరు ఏ ఆఫీసులోనూ ఎవరూ పలకలేదే అనిపించింది. ధైర్యం చెప్పాలన్న వంక పెట్టుకుని బయల్దేరాను. అసలు ఆ విడ్డూరం చూడకపోతే నాకు నిద్రపట్టేలా లేదు.

తుని నుంచి బస్సులో

తునిలో రైలు దిగి నర్సీపట్నం బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది కదా అని సంచీలోంచి అల్లిక తీశాను. పెద్ద బల్లగుడ్డ అది, సగమైంది. దారి గతుకుల్లో డ్రైవరు గట్టిగా బ్రేకు వేసేసరికి ఒళ్ళోని దారపుండ జారి, కాళ్ళ సందుల్లోంచి దొర్లుకుంటూ డ్రైవరు దగ్గరికెళ్ళి ఆగింది. బస్సులో సగం మంది కాళ్ళకి నా దారం చుట్టుకుంది. ఎవరూ కసురుకోలేదు. ఒకళ్ళ చేతిలోంచి ఒకళ్ళు అందిస్తూ, చుట్టుకుంటూ, నవ్వుకుంటూ ఉండని వెనక్కి పంపారు. మా వైపు బస్సయితే కండక్టరు ఈపాటికి నన్ను దింపేసేవాడు.

నా పక్కనాయన నాతవరం మనిషి. తాండవ రిజర్వాయరులో చేపలు పడతాడట. ఖాళీ బుట్ట కాళ్ళ మధ్య పెట్టుకుని నా అల్లికను చాలాసేపు పరీక్షగా చూశాడు.

"ఇది వలేటమ్మా?"

"కాదండీ, లేసు."

"కన్నాలు మరీ సన్నంగున్నాయి. ఇందులో ఏ సేప పడతాది?"

ఆయన వేళాకోళం ఆడటం లేదు. ఇంత కష్టపడి అల్లేది దేనికీ పనికిరాకుండా ఎందుకుంటుందన్నది ఆయన సందేహం. బల్ల మీద పరుస్తారని చెప్పాను. బల్ల మీద దేనికని అడిగాడు. నాకూ తెలీదు గనక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. తాండవ నీళ్ళ కింద ఊడ్చిన మళ్ళు కొన్నిచోట్ల మా డెల్టా చేలలాగే పచ్చగా ఉన్నాయి, కానీ వెనకాల అడ్డంగా నీలం కొండలున్నాయి. మాకు అవి కూడా లేవు.

నర్సీపట్నం, అక్క ఇల్లు

బస్టాండుకి బావ వచ్చాడు. కొయ్యూరు వైపు అద్దెకి జీపు తోలతాడు. కాఫీ తాగి వెళదామన్నాడు. హోటల్లో కాఫీ మా ఊరికంటే ఐదు పైసలు తక్కువ, గ్లాసు కూడా అంతకు తగ్గట్టే చిన్నది.

ఇంటికెళ్ళేసరికి అక్క గుమ్మంలో నిలబడి ఉంది. పదేళ్ళలో యాస పూర్తిగా మారిపోయింది.

"ఓలమ్మా, ఎంత సిక్కిపోయినావే! బేగి కాళ్ళు కడుక్కో. అంబలి తాగుదువు గానీ."

ఏడుస్తూ ఉంటుందనుకున్న మనిషి నున్నగా తల దువ్వుకుని, నాకంటే రెండు ముద్దలు ఎక్కువే తిని, ఎండుచేపల పులుసులో ఉప్పు తగ్గిందని తన వంటకు తానే వంక పెట్టింది. చోడి అంబలి, అంటే రాగి అంబలి, నాకు కొత్త. మొదటి గుక్కకి మొహం చిట్లించాను, రెండో గ్లాసు అడిగి పోయించుకున్నాను.

"ఇంతకీ నువ్వేం చేశావే ఆకాపెయ్యడానికి?" అనడిగాను.

"ఆదోరం అడిగినాను."

అక్కడి పద్ధతి ఇది. వారమంతా షావుకారు పాకలో కుడతారు, శనివారం సాయంత్రం మాత్రం గుమస్తా ఇంటికి ఆకు కట్టలు పంచుతాడు. సోమవారం పొద్దున్నే విస్తళ్ళు అప్పజెప్పాలి. అంటే ఆదివారమంతా కుట్టాల్సిందే. ప్రార్థన రోజని అక్క ఆదివారం సూది ముట్టదు, పుల్ల ముట్టదు. అందుకని సోమవారం ఆమె కట్ట ఎప్పుడూ చిన్నదే. గుమస్తా ఎప్పుడూ తిట్లే. సోమవారం బదులు మంగళవారం తీసుకోండి, అందరికీ వారానికో రోజు సెలవుంటుంది అని అక్క అడిగింది. ఆ శనివారం నుంచి ఆమెకి ఆకు లేదు.

"విచారణలో ఓడిపోతే?"

"ఇంకే షావుకారూ నాకు ఆకివ్వడు. అందరూ ఒక్కటే. కొండకి జీపు నడవని వానాకాలం నా కుట్టుతోనే కదే మా ఇల్లు గడిసేది." ఇది చెప్పినప్పుడు మాత్రం అక్క నా మొహం చూడలేదు.

మా ఇంట్లో నేను ఆదివారం ఏం చేస్తానో గుర్తొచ్చింది. గుళ్ళోంచి వచ్చి చెప్పులు విప్పీ విప్పకుండానే సూది పట్టుకుంటాను. మా ఏజెంటు వచ్చేది కూడా సోమవారమే. ఆదివారం అడగొచ్చని నా జన్మలో నాకు తోచలేదు. ఈ మొద్దు చేతి మనిషికి ఎలా తోచింది?

షావుకారు పాక

మర్నాడు అక్క నన్ను పాకకి తీసుకెళ్ళింది. ఆకివ్వకపోయినా రోజూ వెళ్ళి కూర్చుంటోందట. షావుకారు గోదాము వెనక పొడుగాటి తాటాకు పాక. అందులో ఆడవాళ్ళు రెండు వరసలుగా ఎదురెదురుగా కూర్చుని కుడుతుంటారు. ఆకు మీద ఆకు పెట్టడం, సన్నటి వెదురుపుల్ల గుచ్చి విరవడం, చేతులు వాటంతటవే తిరుగుతుంటాయి, నోళ్ళు వాటి దారిన అవి. ఎవరి మొగుడు ఏమన్నాడో, ఎవరి కోడలికి నెల తప్పిందో, అన్నీ అక్కడే తేలతాయి.

నన్ను చూసి నూకాలు అనే ఆవిడ జరిగి చోటిచ్చింది. నుదుట పెద్ద బొట్టు, నోట్లో చుట్ట.

"నువ్వు కూడా ఏసుబాబు మనిషివేనా? మా సువార్త ఆదోరం అడిగిందని అందరం నవ్వినాం. ఆదోరం నీకు, మాకేటే అన్నాను. తీరా ఆలోసిస్తే, నాకూ తలంటుకోడానికి ఓ రోజు కావాల కదేటి?"

"మరి మీకూ ఆకు ఆపేస్తే?"

"అందరికీ ఆపీసి ఆడేటి కుట్టుకుంటాడా?" అని చుట్ట తీసి పకపకా నవ్వింది.

మా లేసులో పాకలుండవు. ఎవరి గుమ్మం వారిది. పక్కింటావిడ ఏ పువ్వు అల్లుతోందో కూడా తెలియనివ్వదు. పాతికేళ్ళుగా నేను అల్లుతున్నాను, ఇలా జరిగి చోటిచ్చినవాళ్ళు నాకెవరూ లేరు. ఆ నవ్వుల మధ్య కూర్చుంటే అక్క అదృష్టం మీద నాకు నిజంగా కోపం వచ్చింది.

కొయ్యూరు సంత

బావ సంతకు జీపు తోలుతుంటే నేనూ ఎక్కాను. ఎక్కడమంటే, రెండు బస్తాల ఉల్లిపాయల మీద కూర్చోడం. ఘాటుకి కళ్ళనీళ్ళు కారుతుంటే, కొండ చూసి భక్తితో ఏడుస్తున్నాననుకున్నాడో ఏమో బావ జీపాపి చెట్లన్నిటి పేర్లూ చెప్పాడు.

సంతలో కొండవాళ్ళు చింతపండు, పనసకాయలు, చీపుళ్ళు, అడ్డాకు కట్టలు తెచ్చి వరసగా పెట్టుకున్నారు. మా సంతల్లోలాగా రండి రండి అని అరుపులు లేవు. కావాలంటే నువ్వే అడుగు, లేకపోతే పో, అన్నట్టు కూర్చుంటారు. అడ్డాకు కట్టల వెనక కూర్చున్న ఒక ముసలావిడ నాకు పనసతొన పెట్టింది. ఆమె కోసిన ఆకే కిందకి దిగి మా అక్క పాకకి చేరుతుంది. మాటల్లో మొన్న చైత్రంలో కొండవాళ్ళు చేసుకున్న ఇటుకల పండగ సంగతి చెప్పింది. పండగ ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో ఎవరూ పనిలోకి వెళ్ళరట.

"షావుకారి మనిషి ఆకు కావాలని వస్తే?" అన్నాను.

"వొస్తే వొస్తాడు. పండగలో ఆకుకి ఎవులెల్తారు? ఎలితే ఊరు తప్పేస్తాది."

అంటే ఇక్కడ పనిచెయ్యనివాళ్ళకి కాదు, పండగపూట పనిచేసినవాళ్ళకి జరిమానా! నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. కొండ మీద వీళ్ళకి సెలవుంది. కింద మా అక్క సెలవు కోసం ఆఫీసుకెక్కింది. మంచి చెయ్యని పేరున్న నాకు క్రిస్మసు రోజున కూడా తీరికలేదు. పనస జిగురు వేళ్ళకి అంటుకుని రెండు రోజులు నా అల్లికను సతాయించింది, అదింకో బాధ.

లేబరాఫీసు

విచారణ రోజున పాక ఆడవాళ్ళందరూ పని మానేసి వచ్చి ఆఫీసు బయట పంచలో కూర్చున్నారు. లోపలికి అక్కనీ, తోడని నన్నూ రానిచ్చారు. లేబరాఫీసరు నడివయసు మనిషి, జలుబుతో ఉన్నాడు. ఒక పక్క షావుకారు, ఆయన ప్లీడరు. నేను గోడవార బల్ల మీద కూర్చుని, ఊరికే ఉండలేక అల్లిక తీశాను.

ప్లీడరు మర్యాదగానే మొదలుపెట్టాడు. "అయ్యా, ఈమె మా పనిమనిషి కాదు. ఆకు మా దగ్గర కొనుక్కుంటుంది. విస్తళ్ళు కుట్టి మాకే అమ్ముతుంది. ఇష్టమైతే వస్తుంది, లేకపోతే లేదు. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య సెలవులేమిటండీ? ఆడవాళ్ళు ఖాళీగా ఉండలేక చేసుకునే కాలక్షేపం ఇది."

"కాలచ్చేపమా!" అని అక్క లేచింది. ఆఫీసరు చేత్తోనే కూర్చోమన్నాడు.

ప్లీడరు చూపు నా మీద పడింది. "అదిగో, ఆవిణ్ణే చూడండి. అమ్మా, మీరేం చేస్తుంటారు?"

అతను అడగడమూ నా నోట్లోంచి రావడమూ ఒకేసారి జరిగిపోయాయి. "ఏం లేదండీ, ఇంట్లో ఖాళీగానే ఉంటాను."

సూది చేతిలో ఆడుతూనే ఉంది. మా ఊళ్ళో లేసు అల్లేవాళ్ళెవరిని అడిగినా చెప్పే జవాబు ఇదే. పనిచేస్తున్నానంటే మొగుడి సంపాదన చాలడం లేదని వీధిలో చెప్పుకున్నట్టు. అందుకని వెన్ను వంగిపోయేలా అల్లుతూ కూడా ఖాళీగా ఉన్నామంటాం.

"చూశారా అయ్యా," అన్నాడు ప్లీడరు సంబరంగా. "విస్తళ్ళూ ఇంతే."

అక్క నావంక చూసింది. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది. వచ్చిన దగ్గర్నుంచి ఆమె భయపడటం చూడాలని ఉండింది నాకు. చూశాను. ఇక నోరు మూసుకుని కూర్చుంటే చాలు, అక్కకీ ఆదివారం ఉండదు, నాకూ ఉండదు, ఇద్దరం మళ్ళీ ఒకే గుమ్మంలో కూర్చున్నట్టవుతుంది. ఆ ఆలోచన నాకు వచ్చింది. లేదంటే అబద్ధం.

ఆఫీసరు ముక్కు తుడుచుకుని నన్నడిగాడు. "అది మీ ఇంటి కోసమేనా అమ్మా?"

"కాదండీ. ఏజెంటుకి."

"ఎలా అల్లాలో ఎవరు చెబుతారు?"

"ఆయనేనండీ. నమూనా ఇస్తాడు."

"ఆయనకి నచ్చకపోతే?"

కిందటి శీతాకాలం అల్లిన దుప్పటి కళ్ళ ముందుకొచ్చింది. అంచు వంకరపోయిందని ఏజెంటు నా ఎదుటే నా చేతనే మొత్తం విప్పించాడు. విప్పుతున్నంతసేపూ ఆయన మా కుర్చీలో కూర్చుని మా కాఫీ తాగాడు. అది తలుచుకునేసరికి అక్క, అసూయ అన్నీ పక్కకి పోయి ఒళ్ళు మండింది.

"విప్పిస్తాడండీ! నేనల్లింది నా చేతే విప్పిస్తాడు! మళ్ళీ అల్లకపోతే దారం ఇవ్వడు. ఆదివారం గుళ్ళోంచి వచ్చి కూడా అల్లుతానండీ, సోమవారం ఆయనొస్తాడని. ఖాళీ ఏంటండీ నా మొహం, మా అమ్మ పోయిన రోజున కూడా నేను ఖాళీగా లేను!"

ఆఫీసరు షావుకారు వైపు తిరిగాడు.

"మీ దగ్గర సరిగ్గా కుట్టని విస్తళ్ళు ఏం చేస్తారు?"

షావుకారు తన సరుకు మీద గర్వంతో, ప్లీడరు మోచేత్తో పొడుస్తున్నా ఆగకుండా చెప్పాడు. "మా గుమస్తా అక్కడికక్కడే సింపేస్తాడండి. నాసిరకం మా కొట్టు గడప దాటదండి."

"ఆకు ఆమె కొనుక్కుందన్నారు. విస్తరి మీరింకా కొనలేదు. మరి ఎవరి సొత్తు చింపుతున్నాడు మీ గుమస్తా?"

ప్లీడరు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆ తరవాత మాటలు చాలాసేపు నడిచాయిగానీ, బేరం అప్పుడే తేలిపోయింది. ఇలా అజమాయిషీ చేసేవాడు యజమానే, ఆమె కార్మికురాలే, ఇంకా పైకి వెళతారా, ఇక్కడే ఒప్పుకుంటారా అని ఆఫీసరు అడిగాడు. షావుకారు ఇక్కడే ఒప్పుకున్నాడు. అక్కకి శనివారం నుంచి ఆకు. పాకలో అందరికీ అప్పగింత మంగళవారం. ఆదివారం సెలవు.

కార్మికురాలు! క్యాబేజీ గులాబీలు అల్లిన మా అక్క!

నేను వెళ్ళి బల్ల ముందు నిలబడ్డాను. "మరి నాకండీ?"

ఆఫీసరు మెత్తగానే చెప్పాడు. "మీ ఊరు నా పరిధిలోది కాదమ్మా. మీ వైపు ఆఫీసులో పెట్టుకోవాలి. కానీ ఒంటరిగా వెళ్ళకండి. ఈమెకి పాకంతా సాక్ష్యం ఉంది. మీతో పాటు ఎవరున్నారు?"

బయటికొచ్చేసరికి ఆడవాళ్ళంతా అక్కని చుట్టుముట్టేశారు. నూకాలు ఆమెని ఎత్తబోయి, ఎత్తలేక ఇద్దరూ మెట్ల మీద కూలబడ్డారు. నేను అక్క చెప్పులు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఆదివారం కంటే ఎక్కువగా ఆ గుంపుని చూసి కుళ్ళుకున్నాను. నా కోసం పని మానుకుని పంచలో కూర్చునేవాళ్ళు ఈ లోకంలో ఒక్కరూ లేరు.

ఆదివారం

అక్క బలవంతం మీద ఆదివారం దాకా ఉన్నాను. గుళ్ళోంచి వచ్చాక ఆమె కోడికూర వండింది. నూకాలు తలంటుకుని, తడిజుట్టు ఆరబోసుకుంటూ వచ్చి గుమ్మంలో కూర్చుంది. పాకలోవాళ్ళు ఇంకా కొందరు వచ్చారు. ఆకు కట్టలు మూలన మూట విప్పకుండా ఉన్నాయి. ఏమీ చెయ్యకుండా కూర్చోవడం వాళ్ళకీ అలవాటు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఒకరి తలలో ఒకరు పేలు చూసుకున్నారు.

నేను ఒక మూల కూర్చుని బల్లగుడ్డ అల్లుతున్నాను. అక్క వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఈయాల వొద్దే."

"నీకేం, మంగళవారం. నాకు రేపే," అని చెయ్యి లాక్కున్నాను. నా గొంతు నాకే బాగోలేదు. అక్క పక్కన కూర్చుని, నా సూది కదులుతున్నంతసేపూ ఉండ విప్పి దారం అందించింది.

ఇంటికి

రాత్రి రైల్లో వచ్చాను. సోమవారం మధ్యాహ్నం ఏజెంటు రానే వచ్చాడు. మా కుర్చీలో కూర్చుని బల్లగుడ్డ వెలుతురుకి పట్టి చూశాడు.

"బానే ఉందిగానండీ, కాలవగట్టు వీధిలో దీనమ్మగారిది చూడాలండి. ఆయ్, ఎంత సన్నం అనుకున్నారు! మీరు ఈమధ్య వెనకబడ్డారండి."

ఇలా ఎవరో ఒకరి పేరు చెప్పడం ఆయనకి అలవాటే. ఆ పేరు తలుచుకుని వారమంతా రగిలిపోయి, ఇంకా సన్నగా అల్లడం నాకు అలవాటు. ఆ వీధిలో ఆవిడకి నా పేరు చెబుతాడని ఆరోజే తట్టింది.

"ఆవిడ ఇల్లెక్కడండీ?" అన్నాను.

ఏజెంటు నవ్వాడు. పువ్వు చూసి నేర్చుకుని, ఆవిణ్ణి మించాలని వెళతాననుకున్నాడు. గుర్తులన్నీ ఓపిగ్గా చెప్పాడు, చింతచెట్టు దాటాక నీలం తలుపని.

వెంటనే వెళ్ళాను. నీలం తలుపు గుమ్మంలో సన్నటి మనిషి ఒకామె వెలుతురు వైపు తిరిగి అల్లుకుంటోంది. నా సంచీలోంచి బయటికి కనిపిస్తున్న దారం చూసి నేనూ లేసు మనిషినేనని పోల్చుకుంది. చటుక్కున తన అల్లిక కొంగు కింద దాచేసుకుంది.

"దాచుకోకండి," అని నేను కిందనే గడప మీద కూర్చున్నాను. "పువ్వు చూడ్డానికి రాలేదండీ. ఆదివారం పూట మీరేం చేస్తారో అడుగుదామని వచ్చాను."